మా తాత కట్టు, కొత్త తాడు

మా ముత్తాతకి ఆరు పెద్ద పడవలు ఉండేవి. విశాఖపట్నానికి ఓడరేవు లేని రోజుల్లో ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని ఆగేవి. వాటి సరుకు ఒడ్డుకి చేరాలంటే మా పడవలు వెళ్ళాలి. మా తాత ఆ పడవలకి యజమాని, మా పేటకి కులపెద్ద. తగవులు మా అరుగు మీద తీరేవి. గంగమ్మ పండగకి మొదటి కొబ్బరికాయ మా ఇంటినుంచి వెళ్ళేది. వేటనుంచి వచ్చిన ప్రతి తెప్పా ఒక మంచి చేపని మా గుమ్మంలో దింపేది. అది మేము అడిగి తెచ్చుకున్నది కాదు, మా ఇంటికి జరిగే మర్యాద.

తరవాత ఓడరేవు తవ్వారు. ఓడలు నేరుగా గట్టు దాకా వచ్చేశాయి. మా పడవలు ఇసకలో ఎండి బీటలు వారాయి. మా నాన్న వాటిని ఒక్కొక్కటిగా కలప కింద అమ్మేశాడు. కులపెద్ద అన్న పేరు కాక నా వంతుకి మిగిలినవి రెండే. ఒకటి నాలుగు దుంగల తెప్ప, రెండోది మా తాత కట్టు.

తెప్పకి అంచులు ఉండవు. దుంగలు, వాటిని కలిపి బిగించిన తాళ్ళు, అంతే. అది మునగదు గాని తిరగబడుతుంది. తిరగబడడం మా వాళ్ళకి వింత కాదు. అందుకే తెప్ప మీద కట్టకుండా ఏ వస్తువూ ఉంచరు. తెడ్డుకి తాడు, గంజి కేనుకి తాడు, మొలలో కత్తికి తాడు. వలని మూటగా చుట్టి నడిమి దుంగలకి కడతారు. ఆ మూటకి వేసే ముడినే మా పేటలో మా తాత కట్టు అనేవారు. ఒక చుట్టు, ఒక దోపు. కొబ్బరి తాడు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఉబ్బి తనంతట తానే బిగుస్తుంది. కావలసినప్పుడు కొస పట్టి ఒక్క గుంజు గుంజితే విడిపోతుంది. మా ఇంటి తెప్ప మీద ఆ ముడి ఇంటిపెద్దే వెయ్యాలి. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

మిగతాదీ తాతే నేర్పాడు. తెప్ప బోల్తా పడితే దుంగ వదలకు. ఒడ్డు కనబడుతోంది కదా అని ఈదకు. దుంగలకి సముద్రం వైపు ఉండు. ఒడ్డు వైపు ఉంటే వెనక వచ్చే కెరటం వాటిని తెచ్చి నీ మీదే పడేస్తుంది. ముందు మనిషిని చూడు, తరవాత తెడ్డు, ఆ తరవాతే వల.

డెబ్బైలు అయిపోతున్న రోజులవి. మా పేటవాళ్ళు కొందరు మర పడవల మీదికి, కొందరు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనుల్లోకి పోయారు. నేను పోలేదు. ఒకరి కింద పనిచెయ్యడం మా ఇంట్లో అలవాటు లేదు. నా తెప్ప మీద రెండో తెడ్డు మా చెల్లెలి భర్తది. మేము ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. అతను నవ్వకుండా ఉండలేని మనిషి. నేను నడుం వంచకుండా తెడ్డు వేస్తానని, "కాస్త ఒంగు బావా, నిన్ను సూసి లైటౌసనుకుని ఓడలు ఇటొచ్చేత్తాయి" అనేవాడు.

ఆ ఏడు వానాకాలమంతా అతనూ మా చెల్లెలూ కూర్చుని నైలాన్ వల అల్లారు. నాలుగు నెలలు పట్టింది. ఆ దారం మా చెల్లెలి వేళ్ళని కోసేసింది. పాత నూలు వల కుళ్ళిపోయింది. ఇంక వాళ్ళ పొయ్యి వెలగాలంటే ఆ వలే ఆధారం.

దాన్ని మొదటిసారి తెప్ప ఎక్కించిన ఉదయం నా కొబ్బరి తాడు చివికి ఉంది. బావ కొత్త నైలాన్ తాడు తెచ్చాడు. నేను దానితోనే మా తాత కట్టు వేశాను.

"అది సాలదు బావా. ఇంకో రెండు ముళ్ళెయ్యి" అన్నాడు.

"ఏటి సాలదు?"

"ఈ తాడు నీళ్ళు తాగదు. ఉబ్బదు. జారిపోద్ది."

"మూడు తరాల కట్టిది. ఇంతవరకు ఒక్క వల పోలేదు."

"కట్టు మీ తాతదే. తాడు మీ తాతది కాదు కదేటి!"

గంజి కేను అందిస్తున్న మా చెల్లెలు కలగజేసుకుంది. "ఓ ముడెయ్యడానికి నీ కిరీటమేటి పడిపోదు అన్నియ్యా. నా యేళ్ళు సూడోసారి."

"కులపెద్ద ముడి ఇంకొకడు సరిసెయ్యడం ఈ పేటలో ఎప్పుడైనా సూసేవా?" అన్నాను.

ఆమె కేను నా చేతిలో పెట్టేసింది. బావ తెడ్డు భుజానికెత్తుకుని, "పద పద. కులపెద్ద వత్తన్నాడని ముందు సేపలకి కబురెట్టాల" అన్నాడు.

చేపలు బాగానే పడ్డాయి. పొద్దెక్కాక వల లాగి, చుట్టి, మళ్ళీ నేనే కట్టాను. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోటికి వచ్చేముందు తెప్ప ఆపి, అలల వరస చూస్తున్నాం. బావ ముడి వైపు చూశాడు. చెయ్యి చాపాడు. నేను అతని మొహంలోకి చూశాను. చూశానంతే. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడో కెరటం తెప్పని పక్కకి తిప్పి బోర్లా వేసింది. నేను సముద్రం వైపే తేలాను, చెయ్యి దుంగ మీదే ఉంది. ముందు మనిషిని వెతికాను. బావ దుంగల అవతలి కొసని పట్టుకునే ఉన్నాడు. అప్పుడు వల మూట దుంగల కిందనుంచి జారి విప్పుకుంటూ ఒడ్డు వైపు పోవడం ఇద్దరం చూశాం. ముడి ఉన్నచోట తాడు నున్నగా, ఖాళీగా ఉంది.

"వల బావా! వల!"

"వదిలెయ్యి! దుంగ పట్టుకో!" అని అరిచాను.

ఆ నియమం అతనికి తెలియక కాదు. నాలుగు నెలలు కళ్ళముందే కొట్టుకుపోతుంటే ఆగలేకపోయాడు. దుంగ వదిలి, ఒడ్డు వైపు ఈది వల అందుకున్నాడు, అది కాళ్ళకి చుట్టుకుంది. వెనక కెరటం దుంగల్ని లేపింది. కాళ్ళు చిక్కుకున్నవాడు కిందికి మునిగి తప్పించుకోలేడు. దుంగలు అతని తొడ మీద పడ్డాయి.

నేను చేరేసరికి అతను నీటి కింద ఉన్నాడు. నా మొల కత్తి తాడుతో సహా అలాగే ఉంది. అది పాత కొబ్బరి తాడు. కత్తి తీసి, చేతికి తగిలిన చోటల్లా వల కోశాను. ఒడ్డు మీదివాళ్ళు దిగి ఇద్దరినీ లాగారు. మా చెల్లెలు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. భర్త దగ్గుతున్నాడని చూసుకున్నాక నా చేతిలో కత్తి చూసింది, ముక్కలైన వల చూసింది.

"కోసేసేవా?" అంది.

పెద్దాసుపత్రిలో అతను మూడు నెలలు పడుకున్నాడు. ఎముక అతికింది గాని కాలు పొట్టిదైంది. ఒకరోజు మంచం పక్కన కూర్చుని, "బావా, ఆ ముడి..." అన్నాను.

"ముడి మాటెందుకులే. నీ నడుమెలాగుంది? ఒంగిందేటి?" అని నవ్వాడు.

నేను ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆ తరవాత అతను బతికిన తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు ఎదురెదురుగా కూర్చున్నాం, అప్పుడూ చెయ్యలేదు. ముడి నాది. తప్పూ నాదే. ఇక్కడ రాస్తున్నాను.

అతను మళ్ళీ తెప్ప ఎక్కలేదు. మా ఇంటి ఆడవాళ్ళు ఏనాడూ గంప ఎత్తలేదు; మా చెల్లెలు ఒడ్డున చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, మల్కాపురం వీధుల్లో తిరిగి అమ్మింది. తెప్ప తీసుకోమని వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"వలే లేదు, తెప్ప ఏటి సేసుకుంటాం అన్నియ్యా" అంది. కోపంగా అనలేదు. గంప కడుక్కుంటూ అంది.

ఆ వేసవిలో తాళ్ళు విప్పి, నాలుగు దుంగల్నీ మల్కాపురంలో కట్టెల అడితికి అమ్మేశాను.