రావల్కోల్ కోడలు మోసిన మాటలు

2003 జూన్‌లో మేడ్చల్ రోడ్డులోని ఒక ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా చేరాను. మందులు రాయడం డాక్టరుగారి పని. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. ఏది కష్టమో మీరే చెప్పండి!

నెల తిరక్కుండానే రావల్కోల్ నుంచి యాదమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కుట్టుపనిలో మంచి చెయ్యి. సుచిత్ర చౌరస్తాలో కుట్టు షాపు పెట్టాలని ఆమె ఆశ. వారానికి మూడుసార్లు ఫిట్స్ వస్తుంటే ఇంట్లోవాళ్లు ఒంటరిగా గడప దాటనిస్తేగా! తలకు వైర్లు పెట్టి, కెమెరా ముందు పరీక్షిస్తే, ఫిట్ వచ్చినప్పుడు కూడా మెదడు తరంగాలు మామూలుగానే ఉన్నాయి. ఇది మూర్ఛ కాదు, నటన అంతకన్నా కాదు, మనసు మీది బరువు ఒంట్లో బయటపడుతోందని డాక్టరుగారు వివరించి, నా దగ్గరికి పంపారు.

వెంట భర్త మల్లేశం, అత్త లక్ష్మమ్మ వచ్చారు. తనకు చెప్పకుండా కొడుకు చెలక, అంటే మెట్ట పొలం, అమ్మి ప్లాటు కొన్నాడని రెండేళ్లుగా తల్లీకొడుకులకు మాటల్లేవు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కూడా యాదమ్మతోనే చెప్పించుకుంటున్నారు.

"నన్నడగక చెలక ఎందుకమ్మిండో నీ మొగన్ని అడుగు," అంది లక్ష్మమ్మ.

"ప్లాటు ఎవలకోసం కొన్ననో మీ అత్తకు చెప్పు," అన్నాడు మల్లేశం.

నేనేం తక్కువ తిన్నానా? "మీ అత్తగారి బాధేమిటమ్మా?" అని యాదమ్మనే అడిగాను. అంతే, ఫిట్ వచ్చేసింది. మల్లేశం ఆమె చేతిలో తాళాలగుత్తి పెట్టాడు. లక్ష్మమ్మ సంచిలోంచి ఉల్లిగడ్డ తీసింది. నేను వాళ్లను ఆపి, ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. రెండు నిమిషాల్లో తేరుకుంది. ఆమె మోస్తున్న మాటల మీద నేనూ ఒక మూట ఎక్కించానని సిగ్గేసింది.

ఆరోజే ఒక నియమం పెట్టాను. రోజూ పది నిమిషాలు తల్లీకొడుకులు నేరుగా మాట్లాడుకోవాలి. ఆ సమయంలో యాదమ్మ కుట్టుమిషను దగ్గరుండాలి, ఎవరికీ జవాబివ్వకూడదు. ఫిట్ వస్తే ఒక్కరే పక్కన కూర్చోవాలి. తాళాలు, ఉల్లిగడ్డ బంద్.

మొదటి వారమంతా బర్రె మేత గురించే మాట్లాడుకున్నారట. రెండో వారం చెలక సంగతి వచ్చింది.

"మస్తు కొట్లాడుకున్నరు సార్. నేను మిషిన్ ఆపలే," అని యాదమ్మ నవ్వింది. నాకు పట్టరాని సంతోషం.

ఆరు నెలల్లో ఫిట్స్ ఎప్పుడో ఒకసారికి తగ్గాయి. ఒకరోజు మల్లేశం ఒక్కడే వచ్చాడు. "సార్, యాదమ్మ మీకు చెప్పమన్నది..." అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆమెనే వచ్చి చెప్పమన్నాను. తల గోక్కుంటూ వెళ్లాడు.

మరుసటి మంగళవారం యాదమ్మ బస్సెక్కి, ఒక్కతే వచ్చింది.

"సుచిత్రల షాపుకు షట్టర్ కిరాయికి తీసుకున్న సార్. మొన్న మా ఆయనను గిదే చెప్పమన్న," అంది.

ఆ తర్వాత నా దగ్గరికి ఏ కుటుంబం వచ్చినా, ఎవరి మాట వారినే అడిగాను.