చీరల గదిలో సాక్సఫోన్

పోయిన నెల ఒక పొద్దున్న నా స్నేహితురాలి కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే మా ఊరు ట్రాయ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నోరు తిరగకపోయినా నాతో మాత్రం తెలుగే మాట్లాడుతుంది, అందుకే అదంటే నాకు ముద్దు. వాళ్ళబ్బాయి స్కూల్ బ్యాండ్‌లో సాక్సఫోన్ వాయిస్తాడట, ఇంట్లోనే రికార్డ్ చేసి ఆడిషన్‌కి పంపాలట. "ఆంటీ, ఏ మైక్ కొనాలి? మీ ఇంట్లో చాలా మైక్స్ ఉండేవి కదా, అంకుల్‌ని అడిగి చెప్తారా?" అంది. ఆయన్నెందుకమ్మా అడగడం, నేనే చెప్తానని అరగంట చెప్పాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ మైకూ నెల దాటి ఉండలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మన తరం వాళ్ళకి వేరే వివరించాలా? కొన్న వస్తువుని నెలలోగా పట్టుకెళ్తే కిక్కురుమనకుండా వెనక్కి తీసుకుంటారని ఈ దేశం వచ్చిన కొత్తలో తెలిసినప్పుడు మనకి కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. పిల్లల పుట్టినరోజుకి కెమెరా, గృహప్రవేశానికి పెద్ద కాఫీ మిషను, అత్తగారు వస్తే ఆవిడకో చక్రాల కుర్చీ, అన్నీ డబ్బా చిరక్కుండా విప్పడం, పనయ్యాక అట్టముక్కతో సహా సర్ది తిరిగిచ్చేయడం, పైగా తలో వంటా చేసి పట్టుకెళ్ళే పాట్‌లక్కులకి వెళ్ళినప్పుడు ఆ ఘనకార్యాలు చెప్పుకుని పడీపడీ నవ్వుకోవడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు మా సందులో లేరు. రసీదులన్నీ ఫ్రిజ్ మీద తేదీల వారీగా అంటించి ఉంచేదాన్ని.

మా ఆయనది కార్ల కంపెనీలో ఉద్యోగం. నడుస్తున్న కారులో ఎక్కడ గీమంటోంది, ఎక్కడ గలగలమంటోంది అని మైకులు పెట్టి కొలవడం ఆయన పని. కాలేజీ రోజుల్లో బెజవాడలో ఒక పెళ్ళి బ్యాండు మేస్టారి దగ్గర సాక్సఫోన్ నేర్చుకున్నారు. వారమంతా చప్పుళ్ళు తగ్గించి, ఆదివారం మా నెత్తిన చప్పుడు పెడతారని నేను వచ్చినవాళ్ళందరి ముందూ అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవారు. అది బాగుందనుకుని మళ్ళీ అనేదాన్ని. నా నోరు అలాంటిది.

అలా ఉండగా ఆయనకి పళ్ళ చిగుళ్ళు దెబ్బతిని, పై వరస ముందు పళ్ళన్నీ తీసేయాలని డెంటిస్టు చెప్పింది. సాక్సఫోన్ వాయించేవాళ్ళు పై పళ్ళని వాయిద్యం నోట్లో పెట్టుకునే పీక మీద ఆనించి పట్టు పట్టాలి. పళ్ళు పోతే ఇక ఆ పట్టు దొరకదు. ఆ రోజు కారులో వస్తూ, "ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి, ఒకే ఒక్కటి, సరిగ్గా రికార్డ్ చేసుకుంటాను. నా దగ్గర ఒక్కటీ లేదు," అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడమే అరుదు. నేను సరేనని, అన్నీ తిరిగిచ్చేసేట్టయితే కొనుక్కోండని అన్నాను.

మొదట తెచ్చిన మైకు మరీ చురుకైనది. బేస్‌మెంట్‌లో పెడితే హీటరు గుర్రుమనడం, మీటలు టకటకలాడడం, పైన నా కుక్కరు కూత, అన్నీ పట్టేసింది, సాక్సఫోన్ తప్ప. రెండోది గాయకులు స్టేజీ మీద పట్టుకునే రకం. దాన్ని తీసుకెళ్ళి గొట్టం నోట్లో పెట్టినంత పని చేశారు, లారీ హారన్‌లా వచ్చింది. ఆ వాయిద్యంలో నాదం గొట్టం చివరినుంచే రాదట, ఒళ్ళంతా ఉన్న రంధ్రాల్లోంచి వస్తుందట. అందుకని మైకుని మూరెడు దూరాన, మీటల నడిమికి చూసేట్టు పెట్టాలి. ఉద్యోగంలో వేల మైకులు పెట్టిన మనిషికి ఈ ముక్క తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. "ఇంత చదువు చదివి ఏం లాభమండీ!" అని దెప్పాను. మూడోసారి రిబ్బన్ మైకు తెచ్చారు, దానికి తోడు అరచేతిలో పట్టే రికార్డరు. ఆ మైకు లోపల సన్నటి లోహపు రేకు గాలికి కదులుతుంది, గట్టిగా ఊదితే తెగిపోతుంది. దాన్ని ఆయన పసిపాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవారు.

గది సంగతికొస్తే, ఎక్కడ మారుమోగదో తెలుసుకోవడానికి ఇల్లంతా చప్పట్లు కొట్టి చూసి చివరికి నా బట్టల గదిలోకి చేరారు. ముప్ఫై ఏళ్ళ పట్టుచీరలు మూడు వైపులా వేలాడుతుంటే అక్కడ శబ్దం ఎటూ తగిలి తిరిగి రాదు. ఉమ్మి తుంపర్లు పడతాయని నేను గోల చేస్తే, దుప్పటి కప్పుకుని మరీ వాయించారు. ఆపరేషన్‌కి ముందు శనివారం మధ్యాహ్నం, మోహన రాగంలో పావుగంట సేపు. తలుపవతల బట్టలు మడతపెడుతున్న నేను మడత ఆపేశాను. నిజం చెప్పొద్దూ, ఆయన అంత బాగా వాయించగలరని అంతవరకూ నాకు తెలియదు. బయటికొచ్చి, ఎలా ఉందన్నట్టు చూశారు. "చీరలు నలిగాయేమో చూడాలి," అన్నాను.

సోమవారం పళ్ళు తీశారు. మొహమంతా వాచిపోయి, నోట్లో దూది కుక్కుకుని, మాట్లాడే వీల్లేక పడుకున్నారు. బుధవారంతో గడువు అయిపోతుందని రసీదు చెప్తోంది. మైకు, వైరు, రికార్డరు, ఏ డబ్బాలోవి ఆ డబ్బాలో సర్దాను. డబ్బాల చప్పుడుకి ఆయన కళ్ళు తెరిచి చెయ్యెత్తారు. "ఇంకెందుకండీ ఇవన్నీ? పళ్ళు లేకుండా వాయిస్తారా ఏమిటి?" అన్నాను. చెయ్యి దింపేసి గోడవైపు తిరిగారు. నేను అన్నీ షాపులో ఇచ్చేసి వచ్చాను. పాట కంప్యూటర్లోకి ఎక్కించేశారనే అనుకున్నాను, ఒట్టు. రికార్డరు పొట్టలో గోరంత కార్డు ఉంటుందని, పాటంతా దాన్లోనే ఉందని నాకేం తెలుసు? అడగాలి కదా. అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత కాగితం మీద "రికార్డర్?" అని రాసి చూపించారు. పరుగున షాపుకెళ్తే, వెనక్కొచ్చినవి గిడ్డంగికి వెళ్ళిపోతాయనీ, కార్డులేమైనా ఉంటే తుడిచేస్తారనీ చెప్పి, సారీ అన్నాడు అక్కడి కుర్రాడు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. ఆయన ఆ కాగితం మీదే "సరే" అని రాశారు. అంతే. తిట్టలేదు, అరవలేదు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా, నా వంక చూసి కట్టుడు పళ్ళతో చక్కగా నవ్వుతూ, "మా ఆవిడ చాలా పద్ధతైన మనిషండీ, ఒక్క రిటర్న్ డేట్ కూడా మిస్ చేయదు," అనేవారు. అందరూ మెచ్చుకునేవాళ్ళు. పదహారేళ్ళుగా ఇదే మాట, ఇదే నవ్వు. ఎదుటివాళ్ళని నవ్విస్తూ మనిషిని కోయడం నా దగ్గరే నేర్చుకున్నారు.

ఆ పిల్ల ఫోన్ పెట్టేశాక, ఏమనిపించిందో, అలాంటి రిబ్బన్ మైకే ఆర్డర్ చేసి, చీరల గదిలో ఆయన నిలబడే చోటికి మూరెడు దూరాన పెట్టి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. కాసేపు చూసి, అటకమీది పెట్టె దింపించి సాక్సఫోన్ నోట పెట్టారు. గాలి బుసబుసమంది, పై పళ్ళ సెట్టు జారింది. దాన్ని తీసి అరచేతిలో పట్టుకుని, బోసి నోటితో, "ప్యాక్ చేసెయ్. ఇంకా టైముంది కదా, రిటర్న్ చెయ్," అని టీవీ ముందుకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు తిరిగివ్వడం ఎంత సుళువో! షాపుకి వెళ్ళక్కర్లేదు, గుమ్మంలో పెడితే వాళ్ళే పట్టుకుపోతారు. రికార్డ్ చేస్తే ఊదిన ప్రతి ఊపిరీ దానంతటదే ఇంటర్నెట్‌లో ఎక్కడో భద్రమైపోతుంది, నాలాంటిది ఎంత తొందరపడ్డా పోదు. ఈ కాలపు భార్యలు అదృష్టవంతులు, ఏం చేసినా వాళ్ళ మీదికి రాదు. మైకు గడువు నిన్నటితో దాటిపోయింది. కావాలనే దాటనిచ్చాను. పొద్దున్న కాఫీ ఇస్తూ ఆయనకి ఆ మాట చెప్పాను, ఇప్పుడైనా తిడతారేమోనని. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "సరే," అన్నారు.