కళ్ళు మూసుకుని చెప్పిన జపమాల

"ఆ నీళ్ళు మరగలేదేమోనమ్మాయ్. మరగకుండానే ముంచి ఇచ్చానేమో."

ఈ మాట అన్నప్పుడు ఫుయె బామ్మ నా వంక చూడలేదు. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. తుఫాను తర్వాత నీళ్ళు కాచుకుని తాగమని ఇంటింటికీ పంచిన కాగితం అది. దాని కింద సంతకం నాది. రసాయన శాస్త్రం చదువుకుని గోతో దీవుల్లోని ఈ దీవికి కోడలిగా వచ్చాను. ఇక్కడ తాగునీటిని పరీక్షించడమే నా ఉద్యోగం.

"ఏ నీళ్ళు బామ్మా?"

"బడి నీళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ కిందటివి."

బడి అంటే మా అఖాతం పైన, కామీలియా చెట్ల మధ్య ఉన్న కన్యాస్త్రీల బడి. చుట్టుపక్కల రేవుల్లోని పడవవాళ్ళ పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. మూతబడి ఇరవై మూడేళ్ళయింది. వచ్చే సోమవారం పడగొడుతున్నారు. బామ్మ తొందర అందుకే.

దేగుచి ఫుయె పద్నాలుగో ఏట ఆ వంటింట్లో చేరింది. జ్ఞానస్నానం పేరు అగాత. సిస్టర్లూ పిల్లలూ ఆ పేరుతోనే పిలిచేవారు. ఇరవై ఐదు నిండగానే తనూ కన్యాస్త్రీ కావాలని సిస్టర్లకు పెద్ద అయిన మదర్‌తో మాట్లాడి పెట్టుకుంది. బడిలో ఒకటే గడియారం ఉండేది, అది ప్రార్థన గదిలో. వంటింటికి జపమాలే గడియారం. అన్నానికి మూడు పదులు, పదికి పది జపాల చొప్పున. చిలగడదుంపలకు జపమాలన్నర. తాగే నీళ్ళు కాగడానికి పూర్తి జపమాల, అంటే యాభై మరియమ్మ జపాలు. అది మదర్ పెట్టిన లెక్క. పదేళ్ళలో ఒక్కసారి కూడా అన్నం మాడలేదట.

ఆమెకు ఇరవై నాలుగేళ్ళప్పుడు తుఫాను వచ్చి బావిలో బురద కలిసింది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మేడ మీద పదహారుమంది పడుకుని దాహం దాహం అంటున్నారు. ఏ జబ్బూ లేని ఆరేళ్ళ నోబుయె మెట్లు దిగి వచ్చి వంటింటి గడపలో నిలబడింది.

"అగాతక్కా, అయ్యాయా?"

"ఇంకా రెండు పదులే అయ్యాయి."

"అక్కా, ఇప్పుడో?"

"అది నస పెడుతుంటే జపం వేగం పెంచేశాను," అంది బామ్మ. "నోట్లో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. యాభై పూసలూ అయ్యాయి. ముంచి ఇచ్చాను. మొదటి గిన్నె అదే తాగింది. మూడో రోజు జబ్బున పడింది. ఆరో రోజు పోయింది."

మేడ మీదున్న పదహారుమందీ బతికారు.

"మరగడం చూడలేదా బామ్మా? బుడగలు?"

"కళ్ళు మూసుకున్నాను. జపం కళ్ళు మూసుకునే కదా చెయ్యాలి."

ఆ తర్వాత ఆమె కన్యాస్త్రీల ముసుగు అడగలేదు. మదర్ రెండుసార్లు కబురు పెట్టినా వంటింట్లోనే ఉండిపోయింది. చివరి ఏడాది ఇద్దరే పిల్లలకు వండింది. సిస్టర్లు పడవెక్కి వెళ్ళిపోయాక తాళం ఊరిపెద్ద ఇరిగుచి చేతికి వెళ్ళింది. అయినా ఆమె వారానికోసారి వెళ్ళి వసారా ఊడ్చి వచ్చేది.

"పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు ఒప్పుకోలేదా?"

"నలుగురు ఫాదర్లకు చెప్పాను. నలుగురూ క్షమించారు. మరిగాయో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫాదర్లకు నీళ్ళ సంగతి ఏం తెలుసు? నువ్వు నీళ్ళు రుచి చూసి జీతం తీసుకునేదానివి. నువ్వు చెప్పు."

నోబుయెకు జబ్బు అప్పటికే లోపల ఉండి ఉండవచ్చని, మిగతా పిల్లల చేతుల నుంచి అంటుకుని ఉండవచ్చని చెప్పాను.

"ఉండవచ్చు. నా నీళ్ళు కాదని చెప్పగలవా?"

ఆ వంటింట్లోనే ఆ రోజు లాగే మళ్ళీ కాచి, కొలిచి చూద్దామన్నాను.

శనివారం పొద్దున ఇరిగుచి తాళం తెచ్చి ఇచ్చాడు. "ఫుయె అక్కా, మిగిలిన పైకప్పు మీ మీద పడితే సోమవారం మాకు పని తగ్గుతుంది," అన్నాడు. "పడితే నిన్నే ముందు నిలబెడతాను, బొజ్జ ఉంది, ఆపుతావు," అంది బామ్మ. అతను నవ్వి గేటు దగ్గరే ఉండిపోయాడు.

మా షిహోకు నాలుగు నెలలు. దాన్ని గుండెకు కట్టుకుని వెళ్ళాను. తరగతి గోడ మీద పిల్లల ఎత్తులు కొలిచిన గీతలు ఇంకా ఉన్నాయి, పక్కన జ్ఞానస్నానం పేర్లు. వంటింటి పొయ్యి మీద ఇనప డేగిశా అలాగే ఉంది. బామ్మ ఆ రోజు మాదిరిగానే కామీలియా కట్టెలు తడిపి తెచ్చింది. బావి నుంచి ఆరు బిందెలు పోయించింది. ఆ రోజు పోసింది ఆరే. నేను ఉష్ణమాపకం తీశాను.

"అంత వేగంగా ఇప్పుడు చెప్పగలరా?"

"నా నాలుక మరిచిపోలేదు."

కట్టె అంటుకోగానే మొదలుపెట్టింది. అది ప్రార్థనలా లేదు. ఎవరో తరుముకొస్తుంటే మెట్లు దిగుతున్నట్టుంది. పూసలు వేళ్ళ కింద జారిపోతున్నాయి. ఈసారి మాత్రం ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. పొగ కమ్మి నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు. యాభయ్యో పూస దాటగానే ఆగింది.

"ఎంత?"

నలభై ఆరు డిగ్రీలు. ఎనభై అందామనుకున్నాను. కట్టెలు మరీ తడిశాయనీ, డేగిశాకు తుప్పు పట్టిందనీ, ఆ రోజు సంగతి ఈ రోజు తేలదనీ అందామనుకున్నాను. అవన్నీ నిజాలే. నోరు తెరిచేలోపు ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది. తియ్యలేదు.

"స్నానానికి సరిపోతాయి," అంది.

నేనేదో మొదలుపెట్టాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ మొహం చూడలేక నేను నా చేతి గడియారం వంక తిరిగాను. షిహో వీపు మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచీ అదే నా పని. నిమిషానికి ముప్పై, నలభై. యాభై దాటితే భయం, ముప్పైకి తగ్గితే భయం. రోజుకు ఇరవైసార్లు లెక్క పుస్తకంలో రాస్తాను.

"ఏం చేస్తున్నావు?"

"ఊపిరి లెక్కపెడుతున్నాను బామ్మా."

"ఎంత వచ్చింది?"

"ముప్పై ఎనిమిది. బాగానే ఉంది."

"బాగానే ఉందా? కిందికి చూడు."

చూశాను. పొగకు షిహో కళ్ళు ఎర్రబడ్డాయి. గుడ్డ అంచు మూతి దాకా జరిగింది. ఎప్పటి నుంచో పిడికిలితో దాన్ని తోసుకుంటోంది. నేను చూసింది గడియారం ముల్లునే. గుడ్డ లాగి బయటి గాలిలోకి పరిగెత్తాను.

బామ్మ నెమ్మదిగా వెనకే వచ్చి మెట్టు మీద కూర్చుంది. లోపల డేగిశా ఇంకా కాగుతూనే ఉంది. చాలాసేపటికి మూత దడదడలాడిన చప్పుడు వినిపించింది. ఆమె అటు తిరగలేదు.

సోమవారం బడి పడిపోయింది. ఆమె చూడడానికి రాలేదు. ఇప్పుడు ఆమె తన ఇంటి ముందు ఊడ్చడం కూడా మానేసింది. తలుపు తట్టితే తీస్తుంది, చిలగడదుంప ముక్క చేతిలో పెడుతుంది, నోబుయె మాట ఎత్తదు. ఊపిరి లెక్కలు రాసిన నా పుస్తకం అటక మీద ఉంది. షిహోకు జలుబు చేసినప్పుడు చెయ్యి దానికోసం వెతుక్కుంటుంది. అప్పుడు ఆ మెట్టు మీద ఆమె చెప్పిన మాట తలుచుకుని, పాప మొహంలోకి వంగుతాను.

"లెక్క మనకోసం అమ్మాయ్, మన భయం కోసం. నేను యాభై తప్పకుండా లెక్కపెట్టాను, చూశావుగా. నువ్వు లెక్క వదిలెయ్. బిడ్డను చూడు."