గోల్ఫులో నా తలెత్తే జబ్బు

గోల్ఫు నేర్పే కోచ్ ఒకరోజు నా లోపాలన్నీ చీటీ మీద రాసి చేతిలో పెట్టాడు. కర్రను గొంతు పిసికినట్టు పట్టుకుంటారు. తొందరపడతారు. బంతి ఎప్పుడూ కుడికే పోతుంది. నేల వాలు చూసుకోరు. చీటీ చివర, కింద రెండు గీతలు గీసి మరీ రాసింది ఇది: దెబ్బ తగలకముందే తల ఎత్తి చూస్తారు. మొదటి నాలుగింటికి మందు ఉందట. అయిదోదాని గురించి మాత్రం, "అది మీరే ఆలోచించుకోవాలి సార్" అన్నాడు.

ఆలోచించాను. తప్పు నాది కాదు, పాతబస్తీలోని మా జహనుమాది. మా బస్తీలో పుట్టినవాడికి చూడదగ్గదంతా పైనే ఉంటుంది. చిన్నప్పుడు పతంగులు, ఏడాది పొడుగునా పావురాలు. రంజాన్ నెలాఖరున నెలవంక. మా ఇంట్లో ఆ పండుగ లేదు గానీ, పక్కింటి నుంచి షీర్ ఖుర్మా రావాలంటే ముందు చంద్రుడు రావాలి కాబట్టి మేమూ మెడలు సాచి ఎదురుచూసేవాళ్లం. నల్లా వచ్చిన రోజు ట్యాంకు నిండిందా లేదా అని మళ్లీ పైకే చూపు. కింద చూడాల్సింది మురుగు మోరీ ఒక్కటే. యాభై ఆరేళ్లు అలా బతికిన మెడను పట్టుకుని, ఇప్పుడొక చిన్న తెల్లబంతి కోసం వంగమంటే ఎందుకు వంగుతుంది? ఆఫీసులో వంగింది చాలదా?

ఈ ఆట నాకు వారసత్వంగా రాలేదు, బదిలీ మీద వచ్చింది. నేను పనిచేసే ప్రభుత్వరంగ కర్మాగారంలో మా పెద్దసారుకు వేరే ఊరికి బదిలీ అయింది. సామాను తగ్గించుకునే ఊపులో ఆయన తన పాత గోల్ఫు సంచీని నాకు అంటగట్టాడు. పద్నాలుగు కర్రలు ఉండాల్సిన సంచీలో ఏడే ఉన్నాయి. అంటే నేను సగం గోల్ఫరుగానే పుట్టాను. ఆ సంచీని స్కూటరు మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని, ఆదివారం పొద్దున్నే కోట పక్కనున్న మైదానానికి బయలుదేరేవాణ్ని. పత్తర్‌గట్టి దాటేలోపు ఎవరో ఒకరు ఆపేవారు. "భాయ్, నల్లా పైపులు మీరే మారుస్తరా?" అని ఒకాయన అడిగితే కాదన్నాను. మూడోసారీ ఆయనే అడిగితే, ఫోన్ నంబరు రాసిచ్చాను. కాదని చెప్పి ఒప్పించడం కంటే పైపు మార్చడమే సులువనిపించింది.

మా ఆవిడ ఈ వ్యవహారమంతా ఆర్నెల్లు ఓపిగ్గా చూసి ఒక్కమాట అంది. "నేను ఒక్క చీపురుకట్టతోని ఇల్లంత ఊడుస్త. నువ్వు ఏడు కట్టెలు పెట్టుకొని ఒక్క గోలీని కదిలిస్తలేవ్."

దాంతో పట్టుదల వచ్చింది. డాబా మీద బట్టలారేసే తీగకు పాత దూదిపరుపు వేలాడదీసి, రోజూ సాయంత్రం దానిమీదికి బంతులు కొట్టడం మొదలుపెట్టాను. పరుపు నాకు ఎదురుగా ఉండేది. బంతి మాత్రం కుడికి పోయేది. కుడివైపున నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల పక్కింటి డాబా, ఆ డాబా మీద ఇరవై రెండు పావురాలు.

పక్కింటాయన పత్తర్‌గట్టిలో నలభై ఏళ్లు షేర్వానీలు కుట్టిన దర్జీ. చూపు తగ్గాక కత్తెర పక్కన పెట్టి పావురాలతో కాలక్షేపం చేస్తున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయనను భాయ్‌సాబ్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. నా సాధన చూసి ఆయన కూడా ఒక సలహా ఇచ్చాడు. "సూదిల దారం ఎక్కిచ్చేటప్పుడు ఆస్మాన్ దిక్కు చూస్తమా తమ్మీ? దారం ఎక్కినంక చూడు, ఎంతసేపన్న చూడు." కోచ్ నెలకింత పుచ్చుకుని ఇంత బాగా చెప్పలేదు. అయినా నా తల వినలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం బంతి పిట్టగోడ దాటి ఆయన పావురాల గూళ్ల మీది రేకుకు తగిలింది. ఇత్తడి బిందె మెట్ల మీద దొర్లినట్టు మోత. పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. మసక పడేలోపు ఇరవై ఒకటి దిగాయి. దిగనిది ఆయన బేగం అని పిలుచుకునే తెల్ల పావురం. గుంపును ముందుండి తీసుకెళ్లి వెనక్కి తెచ్చేది అదే. అంతకంటే పెద్ద విషయం, దాని గూటిలో అయిదు రోజుల కిందట పుట్టి, ఇంకా కళ్లు కూడా తెరవని రెండు పిల్లలు ఉన్నాయి.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున్నే నా బంతిని కడిగి, తుడిచి, ఇస్త్రీ చేసిన చేతిరుమాలులో చుట్టి తెచ్చాడు. "తమ్మీ, మీ గోలీ మా ఇంటికొచ్చింది. దానికేం దెబ్బ తగలలే, ఫికర్ చెయ్యకు." అంత మర్యాద నేను నా పెళ్లిలో కూడా పొందలేదు. ఆ రుమాలు తిరిగి ఇవ్వాలంటే చేతులు రాలేదు.

"పిల్లలెట్లున్నయ్ భాయ్‌సాబ్?"

"మగది గూట్లకెంచి లేస్తలేదు. దాణాకు గూడ దిగుతలేదు. అదొక్కటే ఎన్నొద్దులు పెంచుతది తమ్మీ?"

మధ్యాహ్నానికి దాణా అమ్మే మనిషి కబురు తెచ్చాడు. బేగం దబీర్‌పురాలో, తాళాలు బాగుచేసే ఒకాయన డాబా మీద దిగిందట. ఆయనకూ ఒక పావురాల గుంపు ఉంది. ఈ షోకు ఉన్నవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇతరుల పావురం నీ ఛత్రి మీద, అంటే పావురాలు వాలడానికి డాబా మీద కట్టిన వెదురు తడక మీద, తనంతట తాను దిగితే అది నీదే. అసలు యజమాని వచ్చి అడిగితే ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. పదకొండేళ్ల కిందట ఆ తాళాలాయన పావురం ఒకటి మా భాయ్‌సాబ్ ఛత్రి మీద దిగింది. ఆయన వచ్చి అడిగాడు. మా భాయ్‌సాబ్ చాయ్ ఇచ్చాడు, పావురాన్ని ఇవ్వలేదు.

"నేను పోయి అడిగితే ఇస్తడు," అన్నాడు భాయ్‌సాబ్. "ఇచ్చి నవ్వుతడు. ఆ నవ్వు చూసుడు నా తోని కాదు తమ్మీ."

గూటిలో పిల్లలు రెండూ ఉడకబెట్టిన వేరుశనగ గింజల్లా ముడతలుపడి కదులుతున్నాయి. మర్నాడు ఆదివారం. మైదానానికని బయలుదేరిన నా స్కూటరు దబీర్‌పురా దారి పట్టింది.

తాళాలాయన మూడో అంతస్తు డాబా మీద దాణా చల్లుతున్నాడు. బేగం ఒక విడి గూటిలో ఉంది. రెక్కలు విప్పకుండా వాటికి దారం చుట్టి ఉంది. ఊరందరి తాళాలూ తీసే మనిషి ఆ గూటి తలుపు మాత్రం తీసేటట్టు కనబడలేదు. కింద వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారని నేను గోల్ఫు సంచీని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాను. ఆయన ముందు దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"పైపులా?"

"కావు భాయ్. ఆట."

ఉన్నదంతా చెప్పేశాను. పరుపు, కుడి, రేకు, రుమాలు, పిల్లలు. ఆయన నవ్వడం మొదలుపెట్టి, గోడకు ఆనుకుని, చివరికి దాణా డబ్బా కింద పెట్టి కూర్చుని నవ్వాడు. చుట్టుపక్కల డాబాల మీదికి జనం వచ్చారు. వాళ్లకు కూడా మొదటి నుంచి చెప్పించాడు.

"పిల్లలున్నయంటివి, దిల్‌కు కష్టమైంది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఊరికే ఇస్తే నా ఛత్రి ఇజ్జత్ పోతది. పందెంల ఓడి ఇచ్చిన అనుకో, మర్దోడి లెక్క ఉంటది. సమజైందా? ఆ కట్టెతోని కొట్టు. అగో, ఆ ఇసుకల పడాలె. మూడు గోలీలు."

ఆయన చూపించిన వైపు, రెండిళ్ల అవతల, సగం కట్టిన ఇల్లు ఉంది. ఆదివారం కదా, పనివాళ్లు లేరు. దాని ముందు ఖాళీ జాగాలో పెద్ద ఇసుకకుప్ప. గోల్ఫు మైదానంలో ఇసుక గుంటలు ఆటగాణ్ని ఏడిపించడానికే తవ్వుతారు. నేను కొట్టిన ప్రతి బంతీ వద్దన్నా వాటిలోకే దూకేది. జీవితంలో మొదటిసారి, బంతి ఇసుకలో పడాలని మొక్కుకున్నాను.

మొదటిది కొట్టాను. కొట్టకముందే తల లేచింది. బంతి కుడికి తిరిగి, మూతలేని ఎవరి నీళ్ల ట్యాంకులోనో గుబుక్కుమంది. ఆ ఇంట్లోంచి ఒక ఆడగొంతు "కౌన్ హై రే!" అని లేచింది. డాబాలన్నీ ఏమీ ఎరగనట్టు వేరే వైపు చూశాయి.

రెండోదానికి బంతి కదల్లేదు. కర్ర గాలిని కోసింది.

"తగిలింది తగిలింది," అన్నాడు పక్క డాబా మీది పెద్దమనిషి. "గాలికి!"

మాంజా పట్టినట్టు కర్రను బిగించిన వేళ్లు ఊడి రావడం లేదు. తాళాలాయన నవ్వడం మానేశాడు. గూడు తెరిచి బేగంను తీశాడు. రెక్కల దారం విప్పి రెండు చేతుల్లో పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. "గెలుస్తవో ఓడుతవో, తయారుగ ఉండనియ్," అన్నాడు. ఆ మనిషి కూడా నేను గెలవాలనే కోరుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

వంగాను. సూది, దారం అనుకున్నాను. బంతి మీద గుంటలుంటాయని తెలుసు గానీ, వాటిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఒక గుంటలో మా డాబా సున్నం ఇంకా అంటుకుని ఉంది. ఆ సున్నాన్నే చూస్తూ కొట్టాను. టక్కుమని, అంతకుముందెన్నడూ నా కర్ర చేయని శుభ్రమైన చప్పుడు. నేను తల ఎత్తలేదు. బంతి ఖాళీ చేసిన చోటునే చూస్తూ అయిదు దాకా లెక్కపెట్టాను.

నేను మూడు దగ్గరున్నప్పుడు పక్కన టపటపమని రెక్కల చప్పుడు. ఆ టక్కుకు బెదిరిన బేగం తాళాలాయన చేతుల్లోంచి జారిపోయింది. అయిదు అనుకుని తల ఎత్తేసరికి అన్ని డాబాల మీదా అందరూ ఆకాశం చూస్తున్నారు. పాతబస్తీ మెడలు కదా. బేగం రెండు చుట్లు తిరిగి మా ఇళ్లున్న వైపు, ఫలక్‌నుమా దిక్కుగా సాగిపోయింది.

"బంతి ఎక్కడ పడింది?" అని అడిగాను.

ఎవరూ చూడలేదు. యాభై ఆరేళ్లలో నేను తల దించుకుని కొట్టిన ఒకే ఒక్క బంతిని భూమ్మీద ఒక్క ప్రాణీ చూడలేదు, నాతో సహా.

తాళాలాయన తన ఖాళీ చేతులను చూసుకున్నాడు. బంతి ఇసుకలో పడకపోతే, ఆయన చేతిలోంచి పావురం జారిపోయినట్టు. పడితే, పందెంలో ఓడినట్టు. ఎంతోసేపు ఆలోచించలేదు.

"పడ్డది," అన్నాడు. "ఇసుకల్నే పడ్డది. ఈ కండ్లతోని చూసిన. ఏం భాయ్, పడలేదా?"

"హౌ, పడ్డది!" అన్నాయి డాబాలు.

"నడిమిట్ల పడ్డది," అన్నాడు గాలి పెద్దమనిషి.

పోయి చూసొస్తానని నేను కదిలితే, తాళాలాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు భాయ్? ఇంతమందిమి చెప్తుంటే నమ్మకం లేదా? కూసో, చాయ్ తాగు." తాగాను. పోతూ పోతూ ఆ జాగా ముందు స్కూటరు ఆపాను. ఇసుకకుప్ప మీద ఒక పిల్లి కాళ్లు చాపి పడుకుంది. దాని కింద చూడాలంటే దాన్ని లేపాలి. లేపలేదు.

ఇంటికొచ్చేసరికి భాయ్‌సాబ్ పిట్టగోడ దగ్గర ఉన్నాడు. బేగం నాకంటే చాలా ముందే వచ్చేసింది. పిల్లల మీద రెక్కలు పరిచి కూర్చుంది. మగది రెండు రోజుల ఆకలి తీరా దాణా తింటోంది. ఆయన ఎలా జరిగిందని అడగలేదు. ఒకటే అడిగాడు.

"వాడు నవ్విండా?"

"మస్తు నవ్విండు భాయ్‌సాబ్. నన్ను చూసి."

ఆయన ముఖంలో పదకొండేళ్ల ముడి ఒకటి సడలింది. "గట్లనా," అన్నాడు. "నిన్ను చూసి నవ్విండంటే బరాబర్." లోపలికి పోయి, ఇస్త్రీ చేయని రుమాలులో చుట్టి నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. ఆ ముడతలు చూశాక నాకు ఊపిరాడింది.

ఆనాటి నుంచి డాబా మీద పెద్ద దెబ్బలు మానేశాను. బంతిని మెల్లగా నెట్టి, పడుకోబెట్టిన స్టీలు గ్లాసులోకి పంపడం ఒక్కటే సాధన. ఇందులో ఎవరికి ఏ ప్రమాదం ఉంటుంది? కానీ చీటీలో నాలుగో లోపాన్ని మరిచిపోయాను. వాన నీళ్లు పోవడానికని మా మేస్త్రీ డాబాకు వాలు పెట్టాడు. ఆ వాలు పిట్టగోడ అడుగునున్న తూము వైపు ఉంది. తూము పక్కింటి డాబా మీదికి తెరుచుకుంటుంది. బేగం పిల్లలకు రెక్కలొచ్చాక ఒకరోజు నా బంతి గ్లాసును పలకరించకుండా, ఎంతో మర్యాదగా తూములోంచి అవతలికి దొర్లిపోయింది.

"భాయ్‌సాబ్, నా గోలీ?"

గోడ మీంచి ఆయన తల లేచింది. వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"మెల్లగ మాట్లాడు. కింది గూట్లకు పోయింది. బేగం గుడ్డనుకొని దాన్ని పొదుగుతున్నది."

"మరి?"

"పద్దెనిమిది రోజులు ఆగు తమ్మీ. లొల్లి చెయ్యకు."

ఇవాళ్టికి పదకొండో రోజు. గోడ దగ్గర నిలబడి, తల దించుకుని, ఆ గూటి వైపే చూస్తున్నాను.