కోడలు కాని మధ్యాహ్నం

మా ఊళ్ళో గజ్జి ఎవరికీ సిగ్గు కాదు, ఒక్క రాతు కోలినియోకి తప్ప. ఆయన మా ఊరి పెద్ద. పెద్దకు గజ్జి ఉందని మనసులో అనుకోవడం కూడా అమర్యాదే. అందుకని ఆయన సభలో చేతులు పంచె కింద దాచుకుని కూర్చుంటే ఊరంతా పైకప్పు వంక చూసేది.

రాజధాని సువా నుంచి వచ్చిన పరిశోధన బృందం మాట సూటిగానే చెప్పింది. దురద ఉన్నవాళ్ళకే మందిస్తే గజ్జి తిరిగి వస్తోంది. ఊరందరికీ ఒకేసారి ఇస్తే పోతుందా అన్నది వాళ్ళు తేల్చాలి. పెద్దలకు మాత్రలు, చిన్నపిల్లలకు ఒంటికి పూత. మొదటి విడత అందరూ మింగారు. తలలో పేలు కూడా చచ్చాయని ఆడపిల్లలు సంబరపడ్డారు. రాతు మాత్రం తనకేమీ లేదన్నాడు. బృందంలోని డాక్టరు బలవంతపెట్టలేదు. ఆయనా ఫిజీవాడే.

కొన్నాళ్ళకే గజ్జి మళ్ళీ వచ్చింది. అందరికంటే ముందు మా బాబాయి భార్య ఉలామిలా పిన్ని కూతురు మెరెసీకి. నాలుగేళ్ళ పిల్ల. వేళ్ళ సందుల్లో పుళ్ళు, చీము. ఇలాగే వదిలేస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చని నర్సు హెచ్చరించింది. మెరెసీ రోజూ మధ్యాహ్నం రాతు ఇంట్లో, ఆయన చాప మీద, ఆయన ఒళ్ళో నిద్రపోతుంది. గజ్జి ఎక్కడినుంచి వస్తోందో పిన్నికి అర్థమైంది. కానీ పెద్ద ఇంటికి పిల్లను పంపనని ఏ కోడలు అంటుంది?

ఊరి కోడలంటే పెద్దకూ కోడలే, అందుకే పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆయన ఎదుట వంగే నడిచింది. అయితే ఆమె పుట్టిన దీవికీ మా ఊరికీ మూలదేవుడు ఒక్కడే. అలాంటివాళ్ళది తౌవు వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఒకరి సొత్తు ఒకరు పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. పిన్ని ఆ హక్కు ఎన్నడూ వాడుకోలేదు. కోడలికి హక్కులేమిటని మావాళ్ళు ఎప్పుడో తేల్చేశారు.

బృందం ఆఖరి విడతకు వచ్చింది. సభాశాలలో యంగోనా వేరు పానీయం గిన్నె చుట్టూ మగవాళ్ళు కూర్చున్నారు. రాతు మళ్ళీ తనకేమీ లేదన్నాడు. నర్సు పక్కమనిషి వైపు తిరగబోయింది. వెనక నుంచి పిన్ని లేచింది. వంగకుండా, నిటారుగా గిన్నె దాకా నడిచింది. బాబాయి ముఖం పాలిపోయింది. రాతు దాన్ని కోడలి పొగరుగా తీసుకుంటే మా ఆచారం ప్రకారం తిమింగలం పన్ను పట్టుకుని క్షమాపణకు వెళ్ళాల్సింది బాబాయే.

"ఈ పూట నేను నీ కోడల్ని కాను," అంది పిన్ని. "ఏం ముసలోడా, ఆ చేతులు అట్టా దాచావేం? ఎవరి కోడిని దొంగిలించావు?"

ఎవరూ నవ్వలేదు.

"పీతను చూసినా పారిపోయే ఊరని మా దీవిలో పిల్లలు కూడా చెప్పుకుంటారు. ఇప్పుడు కంటికి కనపడని పురుగుకి జడిసి పంచెలో దూరావు. నువ్వు గోక్కుంటూ కూర్చో. నా పిల్ల నీ ఒళ్ళో కుళ్ళిపోతోంది."

చివరి మాటలో పరిహాసం లేదు. అది అందరికీ వినపడింది.

రాతు తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"మీ దీవోళ్ళు చేప ముళ్ళు తిని బతికినోళ్ళు," అన్నాడు మెల్లగా. "అందుకే నోరు తెరిస్తే ముళ్ళే."

అప్పుడు నవ్వారు. రాతు పంచె కింద నుంచి చేతులు తీసి చాప మీద పెట్టాడు. మణికట్టు దాకా పొక్కులు, గోళ్ళ గీతలు. మేమంతా పైకప్పు చూస్తున్న కాలమంతా ఆ చేతుల మీద రాసి ఉంది. నర్సు మాత్రలిస్తే మింగి, పిన్ని వంక తిరిగాడు.

"నీ పెరట్లో పెద్ద పంది ఉందిగా. సాయంత్రం పట్టుకుపోతా."

"పట్టుకుపో. నీకంటే అదే శుభ్రంగా ఉంది."

నిజంగానే పట్టుకుపోయాడు. క్రిస్మస్ కోసం ఆమె పెంచిన పంది అది. మర్నాడు పిన్ని మళ్ళీ కోడలైపోయింది.

బృందం పరీక్షకు తిరిగి వచ్చిన రోజు మెరెసీ ఎప్పటిలాగే రాతు ఒళ్ళో నిద్రపోతోంది. నర్సు లేపకుండానే చిన్న చేతులు తిప్పి, వేళ్ళు విడదీసి చూసింది. తరువాత అడగకుండానే రాతు తన చేతులూ చాపాడు. గుమ్మం దగ్గర తల దించుకుని కూర్చున్న పిన్ని ఓరగా నర్సు ముఖమే చూస్తోంది.

"పాత మచ్చలే. కొత్తవేం లేవు, ఇద్దరికీ," అంది నర్సు.

పిన్ని లేచి, ఆయన ఎదుట నుంచి వంగి నడుచుకుంటూ, వంట చూసుకోవడానికి వెళ్ళిపోయింది.