చక్రం వెనక రాయి

మొన్న మనవరాలి కారులో కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, ముందు బస్సు ఆగడంతో మేమూ ఎత్తులో ఆగాల్సి వచ్చింది. ఆ పిల్ల బ్రేకు మీంచి కాలు తీసినా కారు అంగుళం కూడా వెనక్కి జారలేదు, దానంతటదే నిలబడుతుందట. మెచ్చుకోవలసింది పోయి నాకు ఉక్రోషం వచ్చింది.

మార్టూరులో టీచరుగా చేరిన కొత్తలో మా ఉమ్మడి ఇంటి కారు నేర్చుకున్నాను. చుట్టూ పత్తి, మిరప చేలు, నేలంతా చదును. మా వైపు హ్యాండ్ బ్రేకంటే బండి దిగేటప్పుడు వేసేదే తప్ప ఎత్తులో కదలడానికి పనికొస్తుందని ఎవరికీ తెలియదు, ఎత్తులో ఆగితే ఒకరు దిగి చక్రం వెనక రాయి పెట్టడమే ఆచారం. ఒకనాడు మా బావగారి గ్రానైట్ క్వారీ దారిలో ఎత్తు ఎక్కుతూ ఆగిపోయి నేను వెనక్కి జారితే, ఆయనే దిగి రాయి పెట్టి, కూలీలందరి ముందూ "మూడు పెడళ్ళకి నీ రెండు కాళ్ళు చాలవులే అమ్మాయ్, ఇదిగో నీ మూడో కాలు!" అని నవ్వి, తాళం చెవి లాక్కున్నారు. మా ఆయన అన్నగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు నుంచీ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేను 'రాయి టీచర్'ని. ఆ రాయిని ఇంటికి తెచ్చి దాచుకున్నాను, ఎప్పటికైనా ఆ తాళం చెవి నా చేతికి రావాలని.

బావగారు కునుకు తీసే వేళల్లో ఆ చెవి తెచ్చిచ్చింది ఎవరో కాదు, ఆయన భార్యే, మా అక్కయ్య. సెలవుల్లో అదే క్వారీ దారిలో, హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు బరువెక్కగానే బ్రేకు దించడం తప్పి తప్పి నేర్చుకున్నాను.

తర్వాత ఒకసారి అందరం కారులో కొండకి వెళ్తుంటే, ఇదే ఘాట్ రోడ్డు మీద బావగారు ఎత్తులో ఆగిపోయారు. వెనక బస్సు హారన్ మోత, కారు జారుతోంది, ఆయన చెమటలు కక్కుతూ "ఎవరన్నా దిగి రాయి పెట్టండే!" అని అరిచారు. హ్యాండ్ బ్రేకు లాగమని చెప్పి, నేను దిగి, ఆయన్ని పక్క సీటులోకి జరిపి స్టీరింగు ముందు కూర్చున్నాను. నేను దాచిన ఆ రాయిని నాకు తెలియకుండా వెంట తెచ్చిన అక్కయ్య, కొబ్బరికాయల సంచిలోంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. కొండ మీదికి చేరేదాకా ఆయన దాన్ని పట్టుకునే కూర్చున్నారు, కారు ఒక్క జానెడు జారలేదు. ఆ తాళం చెవి మళ్ళీ ఆయన అడగలేదు.

ఇప్పుడు కార్లు అందరినీ సమానంగా ఎక్కిస్తున్నాయి, మంచిదే. కానీ నవ్విన నాపచేను పండాలంటే ఇప్పటి పిల్లలకి కొండ ఏదీ? అక్కయ్య పోయింది. బావగారు మాత్రం ఇప్పటికీ గోంగూర పచ్చడి కోసం మా ఇంటికి వస్తారు, ఆ జాడీ మూత మీద బరువుగా ఉన్నది ఆ రాయే. ఆయన చూస్తుండగా దాన్ని తీసి పక్కన పెట్టి, అప్పుడు వడ్డిస్తాను.