కిటికీలో ద్రాక్షపళ్ళు

ఆ ఏడు ద్రాక్ష కోతల కాలంలో వరుసగా మూడు బుధవారాలు మా ఆరోగ్య ఉపకేంద్రం కిటికీలో ఆకులో చుట్టిన గుప్పెడు పళ్ళు కనిపించాయి. ఎవరు పెట్టారో నేను అడగలేదు. తొమ్మిదిన్నరకి మేడ్చల్ బస్సు దిగి, తాళం తీసి, కడుక్కుని హాయిగా తినేశాను. షామీర్‌పేట దగ్గరి ఆ ఊళ్ళో నర్సుగా అప్పటికి ఎనిమిదేళ్ళు చేశాను. నా మంచితనానికి మెచ్చి ఎవరో పెడుతున్నారని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

బుధవారం గర్భిణులను చూసే రోజు. మా డాక్టరమ్మ కొత్తగా రిజిస్టర్లో ఒక గడి గీయించింది: రానివాళ్ళు ఎందుకు రాలేదు? "మంచి మందులు మన దగ్గరున్నాయి. అవి కొందరికే అందుతున్నాయంటే, మనం ఇచ్చే తీరులో ఏదో లోపం ఉంది. అదేంటో చూడాలి" అనేది. నాకు ఒళ్ళు మండింది. ఉన్న గడులు నింపలేకే చస్తుంటే ఇంకొకటా! ఆరో నెల గర్భిణి ఒకామె ఆ మూడు వారాలూ రాలేదు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఒంట్లో రక్తం మరీ తక్కువ. ఆమె పేరుకు ఎదురుగా మూడుసార్లూ "నిర్లక్ష్యం" అని రాసిపడేశాను.

డాక్టరమ్మ ఆ మాట మీద వేలు పెట్టింది. "ఇది ఆమె చెప్పిందా, నువ్వు అనుకున్నావా?"

ఆ సాయంత్రమే నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని ఆ గర్భిణి ఇంటికి వెళ్ళాను. అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. నా కేకలు అయ్యేదాకా తల వంచుకుని విన్నది.

"నేనొచ్చిన సిస్టరమ్మా," అంది. "తోటకు వోయే ఆటో ఆరున్నరకే వస్తది. గందుకే జల్దీ వచ్చి నీ మెట్ల మీద కూసున్న. నువ్వొచ్చేదాక ఉంటె కూలి పోతది గద."

"వచ్చినట్టు నాకెట్ల తెలుస్తది?"

"ద్రాక్షపండ్లు వెట్టిన గద కిటికీల! ద్రాక్షతోటల జేస్తనని నీకు ముందే జెప్పిన. సూస్తె నేనేనని ఎరుకైతదనుకున్న." "గీసారైన బిడ్డ దక్కాలె సిస్టరమ్మా," అంది.

తిన్న పళ్ళన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

పై బుధవారం ఆరు కాకముందే తాళం తీశాను. అంత పొద్దున బస్సు ఉండదు, మా ఆయన గొణుగుతూనే బండి మీద దింపాడు. ఇలా పొద్దున్నే తెరవడం నెల రోజులు చేసి చూద్దామంది డాక్టరమ్మ. ఆటో అతన్ని బతిమాలి మా మెట్ల ముందు కాసేపు ఆపించాను. మొదటి వారం ఆమె ఒక్కతే దిగింది. రెండో వారం ఇంకో ముగ్గురు గర్భిణులు దిగారు. ఆ ముగ్గురి పేర్లూ నా రిజిస్టర్లోనే లేవు. ఆ నెల తర్వాత కూడా ఆ వేళ మార్చలేదు.

తొలకరి పడ్డాక ఆమెకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళ్ళి ఆ పిల్లను చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఏడ్చేశాను, దాచుకోవడం దేనికి.

ఉపకేంద్రానికి తిరిగొచ్చి రిజిస్టర్ తీశాను. "నిర్లక్ష్యం" అన్న మాట మూడు చోట్లా కొట్టేసి, మూడు చోట్లా పక్కనే రాశాను: "ఆమె వచ్చింది. నేను లేను."